క్షితిజసమాంతర సి.ఎమ్.ఎమ్. - కొలతలలో ఖచ్చితత్వ సమస్యలు

నిరూపక కొలత యంత్రం అనగా ఒక వస్తువు ఉపరితలంపై ఉన్న బిందువులను తాకి, వాటి ఎక్స్, వై, జడ్ నిరూపకాలను నమోదు చేసే పరికరం. పరిశ్రమలలో దీనిని సి.ఎమ్.ఎమ్. అని పిలుస్తారు. నిలువు స్తంభం నుండి అడ్డంగా చాచిన బాహువు చివర ప్రోబ్ అమర్చినదే క్షితిజసమాంతర సి.ఎమ్.ఎమ్. చుట్టూ తెరచి ఉండటం వలన కారు బాడీలు, పెద్ద రేకు భాగాలు, అచ్చులు దీనిపై సులభంగా కొలవవచ్చు. అయితే ఈ సౌకర్యం ఖచ్చితత్వాన్ని కొంత తగ్గిస్తుంది. వంతెన ఆకారపు యంత్రాలలో దోషం సాధారణంగా కొన్ని మైక్రోమీటర్లకు పరిమితం కాగా, ఈ రకంలో అది పదుల మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. మైక్రోమీటరు అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

తెరపై కనిపించే దశాంశ స్థానాలను చూసి కొలత అంత ఖచ్చితమైనదని భావించడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. యంత్రం ఎంత చిన్న తేడాను చూపగలదనేది ఒకటి, చూపినది ఎంతవరకు నిజమనేది మరొకటి.

బాహువు వంగుదల

చేయి చాచి నీళ్ళ బిందె పట్టుకొన్నప్పుడు చేయి కిందికి వాలినట్లే, ఒక చివర మాత్రమే ఆధారం గల బాహువు కూడా వంగుతుంది. చివరనున్న బరువు వలన కలిగే వంగుదల పొడవు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా బాహువు రెట్టింపు చాస్తే వంగుదల ఎనిమిది రెట్లవుతుంది. బాహువు సొంత బరువు వలన కలిగేది పదహారు రెట్లవుతుంది. ఈ వంగుదల ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కనుక సాఫ్ట్‌వేరు దానిని సరిదిద్దగలదు. అయితే బరువైన ప్రోబ్ తగిలించినా, బాహువు వేగంగా కదిలి ఆగినపుడు ఊగినా ఆ సవరణ సరిపోదు.

కోణ దోషం మరొకటి. కొలిచే స్కేలు, కొలవబడే బిందువు ఒకే రేఖపై ఉండాలన్నది జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే 1890లో చెప్పిన సూత్రం. ఈ యంత్రంలో ప్రోబ్ స్కేలుకు దూరంగా ఉంటుంది. పట్టాలపై స్తంభం 1 సెకను కోణం ఒరిగినా, 1 మీటరు దూరంలో దాదాపు 5 మైక్రోమీటర్ల తేడా వస్తుంది.

ఉష్ణోగ్రత

పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. 1931లో అంతర్జాతీయ తూనికలు, కొలతల కమిటీ దీనిని నిర్ణయించింది. చల్లని దేశాలలో ఇది గది ఉష్ణోగ్రతకు దగ్గరిదే కాని ఉత్తరాంధ్రలో కాదు. విజయనగరం జిల్లాలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం వలన పేరు పొందిన గరివిడిని ఉదాహరణగా తీసుకొనవచ్చును. అటువంటి ఊరి వర్క్‌షాపులో 35 డిగ్రీల వద్ద ఉన్న 1 మీటరు ఉక్కు కడ్డీ, 20 డిగ్రీల వద్ద కంటే సుమారు 170 మైక్రోమీటర్లు పొడవుగా ఉంటుంది. అల్యూమినియమైతే ఈ పెరుగుదల దాదాపు రెట్టింపు. యంత్రం దోషం కంటే ఇది ఎంతో ఎక్కువ.

సాఫ్ట్‌వేరుతో సవరించవచ్చును గాని, లోహపు వ్యాకోచ గుణకం సరిగా తెలియాలి. ఉక్కుకు 11.5 అని నమోదు చేయగా నిజానికి అది 12.5 అయితే, ఇదే కడ్డీపై 15 మైక్రోమీటర్ల దోషం మిగిలిపోతుంది. అందువలన వస్తువును ఏ.సి. గదిలో ఉంచి, గది ఉష్ణోగ్రతకు వచ్చిన తరువాతనే కొలుస్తారు. పెద్ద పోత భాగాలకు ఇందుకు చాలా గంటలు పడుతుంది. ఏ.సి. గాలి నేరుగా బాహువుకు ఒకవైపున తగిలితే అది వంకర తిరుగుతుంది. చల్లబరచడమే కాక, సమానంగా చల్లబరచడం ముఖ్యం.

గరివిడి హౌరా-చెన్నై రైలు మార్గంపై ఉంది. ఇటువంటి చోట గూడ్సు బండ్ల అదురు నేల ద్వారా యంత్రానికి చేరే అవకాశం ఉంటుంది కనుక విడి పునాది, అదురును తగ్గించే ఆధారాలు అవసరమవుతాయి.

ప్రోబ్

తాకగానే సంకేతం పంపే ప్రోబ్‌ను డేవిడ్ మెక్‌మర్ట్రీ 1970ల ఆరంభంలో, కాంకార్డ్ విమాన ఇంజను గొట్టాలను కొలవడానికి రూపొందించారు. దీనిలోని సూది మూడు ఆధారాలపై నిలుస్తుంది. నొక్కిన దిక్కును బట్టి ముక్కాలిపీట ఒరగడంలో తేడా ఉన్నట్లే, తాకిన దిక్కును బట్టి సంకేతం వెలువడే క్షణం కూడా స్వల్పంగా మారుతుంది. సూది పొడవు పెరిగేకొద్దీ ఈ దోషం పెరుగుతుంది.

పరీక్ష

ఐ.ఎస్.ఓ. 10360-2 ప్రమాణం ప్రకారం ఐదు పొడవులను ఏడు స్థానాలలో మూడేసి సార్లు, అనగా మొత్తం 105 సార్లు కొలిచి యంత్రాన్ని పరీక్షిస్తారు. యంత్రాన్ని ప్రయోగశాలకు తరలించడం కుదరదు. ప్రామాణిక గేజి బ్లాకులనే యంత్రం వద్దకు తేవాలి. ఈ విద్యలో శిక్షణ ఇచ్చే సంస్థలలో 1968లో హైదరాబాదులో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఒకటి.

ఈ పరీక్షల ప్రభావం చిన్న వర్క్‌షాపులపై ఎక్కువ. అనుమతించిన తేడా 50 మైక్రోమీటర్లు, కొలతలోని అనిశ్చితి 40 మైక్రోమీటర్లు అయితే మంచి భాగం తిరస్కరణకు గురికావచ్చు, చెడ్డది ఆమోదం పొందవచ్చు. ఐ.ఎస్.ఓ. 14253-1 ప్రకారం సరఫరాదారు తన భాగం సరైనదని నిరూపించడానికి అనిశ్చితిని అనుమతిలోంచి తీసివేయాలి; పై ఉదాహరణలో అతనికి మిగిలేది 10 మైక్రోమీటర్లే. కొనుగోలుదారు తిరస్కరించదలిస్తే మాత్రం ఆ అనిశ్చితిని అనుమతికి కలపవలసి ఉంటుంది. ఈ రెండవ నియమం చాలామంది సరఫరాదారులు తెలిసికొనదగినది.