నవంబర్ 1: పరీక్షలో అడిగేది, అడగనిది

గ్రూప్స్‌కు చదివేవాళ్లకు నవంబర్ 1 అనగానే 1956, ఆంధ్రప్రదేశ్ అవతరణ అని ఠక్కున వస్తది. అక్కడితో ఆగొద్దు. ఆ రోజు మన ఆదిలాబాద్‌కు ఏమైందో కూడా తెలుసుకోవాలె.

అంతకుముందు రోజు దాకా జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. కిన్వట్, రాజురా తాలూకాలు కూడా మన జిల్లావే. నవంబర్ 1న ఆ రెండు తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ బొంబాయి రాష్ట్రానికి పోయినయి. మిగతాది ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మరాఠీవాళ్లు అటు, తెలుగువాళ్లు ఇటు అన్నది లెక్క. మరి ఇంట్లో గోండి మాట్లాడేవాళ్లు ఎటు? ఆ లెక్కలో గోండి లేనే లేదు. బొంబాయి, ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, ఒరిస్సా, ఎటు పడ్డా బడి భాష వేరేదే.

రాసుకోవడానికి గోండి పనికిరాదనుకున్న కాలమా అంటే, అదీ కాదు. 1943లోనే జైనూర్ దగ్గరి మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు టీచర్ శిక్షణ మొదలైంది. నాగరి లిపిలో గోండి వాచకాలు కూడా వచ్చినయి. ఎనిమిదో షెడ్యూలులోకి 2003లో సంతాలీ చేరింది, గోండి ఇంకా చేరలేదు. ఈ ముక్క ఏ కోచింగ్ నోట్సులో ఉంది చెప్పండి?

అదే తేదీకి మరో రెండు సంగతులున్నయి. 1966 నవంబర్ 1న విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఉద్యమిస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు, ప్రాణాలు పోయినయి. తర్వాత వచ్చిన ఆ ఫ్యాక్టరీకి ఇనుప ఖనిజం ఎక్కడిదంటే బైలదిలా కొండలది, అంటే బస్తర్ గోండుల నేలది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు ఆ కొండలు మధ్యప్రదేశ్ నుంచి కొత్త రాష్ట్రంలోకి పోయినయి. విశాఖ అమరుల గురించి మనమూ చదవాలె, ఆ రాయి వచ్చిన ఊళ్ల గురించి వాళ్లూ చదవాలె.

1956 నాటి గీత మ్యాపులో సాఫీగానే కనబడ్తది. కెరమెరి మండలంల పరందోలి, ముకదంగూడ లాంటి సరిహద్దు ఊళ్లకు పోయి చూడండి. ఆ ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా అంటున్నయి. ఒకే మనిషికి తెలంగాణ ఓటరు కార్డు ఒకటి, మహారాష్ట్రది ఒకటి. పుష్యమాసంల కేస్లాపూర్ నాగోబా జాతరకు మాత్రం మెస్రం వంశస్థులు మహారాష్ట్ర నుంచీ వస్తరు, ఛత్తీస్‌గఢ్ నుంచీ వస్తరు.

కిన్వట్, రాజురా దిక్కు చుట్టాలున్నోళ్లు ఇంట్లో పెద్దమనుషులను అడిగి, ఆ రోజుల సంగతులు కింద రాయండి.