హెచ్‌ఐవీ పరిశోధన: శాస్త్ర సదస్సుల తీరు మార్చిన గళం

హైదరాబాద్: అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సు తక్కిన వైద్య సదస్సుల వంటిది కాదు. శాస్త్రవేత్తలు, వైద్యులు, ఔషధ సంస్థలతో పాటు హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారూ అందులో వక్తలుగా, నిర్వాహకులుగా పాల్గొంటారు. తొలి సదస్సు 1985లో అమెరికాలోని అట్లాంటాలో జరిగింది.

డెన్వర్ సూత్రాలు

ఈ భాగస్వామ్యానికి పునాది అంతకు ముందే పడింది. తమను ‘బాధితులు’ అని పిలవరాదని, తమకు సంబంధించిన నిర్ణయాలన్నింటిలో తమకు చోటుండాలని ఎయిడ్స్ సోకినవారు 1983లో డెన్వర్‌లో ప్రకటించారు. 1994 డిసెంబరు 1న పారిస్‌లో 42 దేశాలు ఈ భావనకు ఆమోదం తెలిపాయి.

బహిష్కరణ నుంచి మార్పు వరకు

హెచ్‌ఐవీ ఉన్న విదేశీయుల రాకపై అమెరికా ఆంక్షలను నిరసిస్తూ 1990 శాన్‌ఫ్రాన్సిస్కో సదస్సును పలు సంస్థలు బహిష్కరించాయి. 1992లో బోస్టన్‌లో జరగవలసిన సదస్సు ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయింది. 2010లో ఆంక్షలు తొలగాక, 2012లో వాషింగ్టన్‌లో సదస్సు జరిగింది.

మందు ఉంది, అందుబాటు ఏది?

మూడు మందుల కలయికతో వైరస్‌ను అదుపు చేయవచ్చని 1996 వాంకోవర్ సదస్సు చాటింది. అయితే ఆ చికిత్సకు ఏడాదికి పది వేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. ఆఫ్రికాలో జరిగిన తొలి సదస్సు అయిన 2000 నాటి డర్బన్ సదస్సులో, పేద దేశాలకూ చికిత్స అందాలన్న డిమాండు ప్రధానాంశమైంది. మరుసటి ఏడాది భారతీయ సంస్థ సిప్లా ఏడాదికి 350 డాలర్లకే ఆ మందులు ఇస్తామని ముందుకు వచ్చింది.

భారత చట్టం

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, విషయం తెలిపి సమ్మతి పొందకుండా హెచ్‌ఐవీతో ఉన్నవారిపై పరిశోధన చేయరాదు.

హైదరాబాద్ పాత్ర

2024 జులైలో మ్యూనిచ్ సదస్సులో, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్ ప్రయోగ ఫలితాలను సమర్పించారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దానిని పొందిన 2,134 మంది యువతులలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. ఏడాదికి 40 డాలర్లకే దీనిని తయారు చేయవచ్చన్న అంచనా వెలువడిందీ అక్కడే. ధర తగ్గించాలని ఉద్యమకారులు నిరసన తెలిపిందీ అక్కడే. అమెరికాలో నివారణ కోసం దీని ప్రకటిత ధర ఏడాదికి 28 వేల డాలర్లకు పైమాటే.

అదే ఏడాది అక్టోబరులో గిలియడ్ సంస్థ 120 దేశాల కోసం ఆరు సంస్థలకు తయారీ అనుమతులిచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో ఉన్నాయి. ఏడాదికి సుమారు 40 డాలర్ల ధరకు 2027 నుంచి సరఫరా చేసేందుకు ఈ రెండు సంస్థలతో 2025 సెప్టెంబరులో ఒప్పందాలు కుదిరాయి.