కలరైజ్ చేసిన ఫొటో చూసి మోడల్‌కి పెయింట్ వేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

ఈ ఎపిసోడ్ స్కేల్ మోడల్స్ చేసేవాళ్లకి. చేయకపోయినా చూడండి, కథ బాగుంటుంది.

ఇంద్రలాల్ రాయ్ పేరు విన్నారా? 1898లో కలకత్తాలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో, 40వ స్క్వాడ్రన్ పైలట్. 1918 జూలైలో పదమూడు రోజుల్లో పది విజయాలు సాధించారు. అదే నెల 22న ఫ్రాన్స్‌లో, ఆకాశంలో జరిగిన పోరులో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 19. అంటే మనలో చాలామంది బీటెక్ సెకండియర్‌లో ఉండే వయసు.

ఆయన నడిపింది ఎస్ఈ5ఏ. ఇది బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలుంటాయి. ఈ చివర నుంచి ఆ చివరకి రెక్క పొడవు 8.11 మీటర్లు. 1/72 స్కేల్‌లో అది 11.3 సెంటీమీటర్లు. ఇక్కడిదాకా ఈజీ. అసలు తలనొప్పి రంగు దగ్గర మొదలవుతుంది.

ఫోన్‌లో వెతికితే కలరైజ్ చేసిన ఫొటోలు బోలెడు వస్తాయి. కానీ యాప్‌కి అసలు రంగు తెలియదు, బూడిద రంగు షేడ్ చూసి ఊహిస్తుంది. ఆ షేడ్‌ని కూడా నమ్మలేం. ఎందుకంటే అప్పట్లో ఎక్కువగా వాడింది ఆర్థోక్రోమాటిక్ రకం. దానికి ఎరుపు సరిగా కనబడదు. అందుకే ఫొటోలో ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది, నీలం పాలిపోతుంది. అంటే నల్లగా కనిపించే విమానం నిజంగా ఎర్రటిది కావచ్చు.

మరి చెక్ చేయడం ఎలా? బ్రిటిష్ విమానాల మీద ఉండే గుండ్రటి గుర్తు, రౌండెల్ చూడండి. బయట నీలం, మధ్యలో తెలుపు, నడిమి చుక్క ఎరుపు. ఈ రంగులు మనకి ముందే తెలుసు కదా! ఫొటోలో నీలం వలయం ఎర్ర చుక్క కన్నా బాగా తేలిగ్గా కనిపిస్తే, అది ఆర్థోక్రోమాటిక్ అని అర్థం. ఇక మిగతా షేడ్స్‌ని కూడా అదే లెక్కలో చదవాలి.

రెక్కల పైభాగానికి పీసీ10 అనే పూత వేసేవాళ్లు. పసుపు మట్టిరంగు, మసి నలుపు కలిపి చేసింది. బ్యాచ్‌ని బట్టి, వాడకాన్ని బట్టి ఆలివ్ నుంచి గోధుమ రంగు దాకా మారేది. కాబట్టి "కరెక్ట్ షేడ్ ఇదొక్కటే" అని ఎవరన్నా వాదిస్తే నవ్వి ఊరుకోండి. రెక్కల కింద మాత్రం రంగు వేయని లినెన్ బట్ట, మీగడ రంగులో ఉంటుంది.

నిర్మాణం చూడాలంటే, ఇంగ్లండ్‌లో షటిల్‌వర్త్ కలెక్షన్ దగ్గర ఉన్న ఎఫ్904 నిజంగా యుద్ధంలో ఎగిరిన ఎస్ఈ5ఏ. పై రెక్క మీద లూయిస్ గన్, దాన్ని పైలట్ కిందికి జార్చి మందుగుండు డ్రమ్ మార్చుకునే వంపు పట్టా గమనించండి. పైలట్ ముందు ఎడమవైపు విక్కర్స్ గన్. అయితే దాని రంగుని మాత్రం సాక్ష్యంగా తీసుకోకండి. ఇంత పాత విమానానికి బట్ట, పూత మార్చకుండా కుదరదు.

సో, ఆకారానికి మ్యూజియం, గుర్తులకి ఒరిజినల్ ఫొటో, రంగుకి అప్పటి పూత తయారీ వివరాలు. కలరైజ్ చేసిన బొమ్మ వాల్‌పేపర్‌కి ఓకే. పెయింట్ డబ్బా తెరిచే ముందు మాత్రం రౌండెల్ చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!