గోల్ఫు కర్రకు ఉక్కు కాడ

సౌకార్‌పేటలో గోల్ఫు మాట ఎందుకు వచ్చిందని మీకు అనిపించవచ్చు. తంగసాల వీధిలో బంతి పెట్టి కొడితే అది ఎదురింటి అరుగు దాటకముందే ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఈ పేటలో బంగారం దొరుకుతుంది, వెండి దొరుకుతుంది, పెళ్ళి బట్టలు, స్టీలు సామాన్లు దొరుకుతాయి. పచ్చిక మైదానం మాత్రం దొరకదు. అయినా గోల్ఫు కర్ర కాడను గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇక్కడే, మా పెదనాన్న దగ్గర. ఆయన జన్మలో గోల్ఫు ఆడలేదు. ఆడగా చూశాడని కూడా నేననుకోను.

పెదనాన్న శెంబుదాసు వీధిలో ఒక పైపుల కొట్టులో గుమాస్తా. ఆ వీధి మీకు తెలిసే ఉంటుంది. నీళ్ళ గొట్టాలు, ఇనుప సామాను కొనాలంటే మద్రాసులో ముందుగా గుర్తుకొచ్చే వీధుల్లో అదొకటి. 1968లో ఒక ఆదివారం నన్ను, మా కొట్టు బండి తోలే మనిషి కొడుకుని వెంటబెట్టుకుని ఆయన మూర్ మార్కెట్టుకు వెళ్ళాడు. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది గాని, అప్పట్లో అక్కడ దొరకని పాత వస్తువు లేదు. ఆ కుర్రవాడికి పద్నాలుగేళ్ళు. నగరానికి దక్షిణాన ఒక మైదానంలో దొరల సంచులు మోసే పనిలో కుదిరాడు. సోమవారాలు మైదానం ఖాళీగా ఉన్నప్పుడు మోతగాళ్ళను కూడా ఆడనిచ్చేవారట. బాగా ఆడేవాణ్ణి బంతులు చూపించే పని నుంచి ఆట నేర్పే పనికి పంపుతారని వాడి ఆశ. కాని కర్ర లేదు. ఎవరిదో అడుక్కోవాలి.

ఒక అంగట్లో గోధుమరంగు కాడ ఉన్న కర్ర కనిపించింది. "అమెరికా కొయ్య సారూ, పాత దొరది" అన్నాడు అంగడివాడు. పదిహేను రూపాయలు చెప్పాడు. పెదనాన్న మాట్లాడకుండా జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి కాడకు తగిలించాడు. అది ఠక్కున అంటుకుంది.

"ఒరే అబ్బాయీ, ఇది కొయ్య కాదు. కొయ్య వేషం వేసుకున్న ఉక్కు" అన్నాడు.

ఆ వేషానికి ఒక చరిత్ర ఉంది.

గోల్ఫు పుట్టిన స్కాట్లండులో కర్రల కాడలు మొదట ఊళ్ళో దొరికే కొయ్యతోనే చేసేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి హికరీ అనే గట్టి కొయ్య రావడం మొదలైంది. దానికి సాగే గుణం ఉంది, విరగదు. కాని దెబ్బ తగిలేటప్పుడు కాడ మెలి తిరుగుతుంది. పైగా చెట్టు చెట్టుకూ కొయ్య వేరు. ఒకే దుంగలోంచి తీసిన రెండు కాడలైనా ఒకలా వంగవు. అందుకే ఆ రోజుల్లో మంచి ఆటగాడు పది కర్రలు సమకూర్చుకోవడానికి ఏళ్ళు పట్టేది. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఊపి, నచ్చకపోతే పక్కన పడేస్తూ వెతుక్కునేవాడు. బాబీ జోన్స్ అనే అమెరికా మహా ఆటగాడి గురించి ఒక కథ చెబుతారు. ఆయన చేతి అంచనాతో ఏరుకున్న కర్రలను తరువాత కాలంలో యంత్రాల మీద పరీక్షిస్తే అన్నీ ఒకదానికొకటి సరిపోయాయట, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటితోనే తనకెప్పుడూ చిక్కు వచ్చేదని జోన్స్ చెప్పాడట. మన కూరగాయల బజారులో వంకాయను నొక్కి చూసి కొనే ఇల్లాలి చెయ్యి గుర్తుకొస్తోంది నాకు.

ఉక్కు కాడ ఆలోచన మనం అనుకునేదానికన్న పాతది. ఎడిన్‌బరోకు చెందిన థామస్ హార్స్‌బరో 1894లోనే ఉక్కు కడ్డీతో కాడ చేసి పేటెంటు తీసుకున్నాడు. అది గట్టి కడ్డీ, బరువు ఎక్కువ. ఎవరికీ నచ్చలేదు. బోలు గొట్టంతో కాడ చేయవచ్చునని చూపినవాడు ఆర్థర్ నైట్. అమెరికాలో స్కెనెక్టడీ ఊళ్ళో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు. 1910లో ఆయనకు పేటెంటు వచ్చింది. కాని ఆట పెద్దలు ఊరుకుంటారా? ఉక్కు కాడతో ఆట ఆట కాకుండా పోతుందన్నారు. అమెరికా గోల్ఫు సంఘం 1924లో ఒప్పుకుంది. సెంట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు మాత్రం 1929 దాకా మెట్టు దిగలేదు. వేల్సు యువరాజు సెంట్ ఆండ్రూస్‌లోనే ఉక్కు కాడలతో ఆడేసరికి పెద్దలకు ఆయన్ని తప్పుపట్టే ధైర్యం లేక నియమాన్నే మార్చారని చెప్పుకుంటారు. యువరాజు సంగతి ఎలా ఉన్నా, మంచి హికరీ కొయ్య కరువవుతూ ఉందన్నది కూడా పెద్ద కారణమే.

1930లో బాబీ జోన్స్ నాలుగు పెద్ద పోటీలూ ఒకే ఏట గెలిచినది కొయ్య కాడలతోనే. మరుసటి ఏడే, 1931లో, బిల్లీ బర్క్ ఉక్కు కాడలతో అమెరికా ఓపెన్ గెలిచాడు. ఉక్కుతో ఆ పోటీ గెలిచిన మొదటివాడు అతనే. సమ ఉజ్జీగా నిలిచిన జార్జి వాన్ ఎల్మ్‌తో ఒకసారి 36 రంధ్రాలు, మళ్ళీ 36 రంధ్రాలు అదనంగా ఆడవలసి వచ్చింది. మొత్తం 144 రంధ్రాలు! కాడ విరగకపోవడమే గొప్ప.

అయినా జనం కంటికి కొయ్యే అలవాటు. మెరిసే గొట్టం పట్టుకుంటే మర్యాద తక్కువగా తోచిందేమో. అందుకని 1930లలో కంపెనీలు ఉక్కు కాడ మీద గోధుమరంగు తొడుగు వేసి, దూరానికి కొయ్యలా కనిపించేటట్టు చేశాయి. మూర్ మార్కెట్టులో మా అంగడివాడు అబద్ధం చెప్పలేదు. అతనూ ఆ వేషానికి మోసపోయాడు, అంతే.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఇంగ్లండులో ఓల్డ్‌బరీ ఊళ్ళో ఏకిల్స్ అండ్ పాలక్ అనే గొట్టాల కంపెనీ ఉండేది. అపోలో అనే పేరుతో ఉక్కు గోల్ఫు కాడలు చేసి ఖ్యాతి గడించింది వారే. 1919లో కొన్ని గొట్టాల కంపెనీలు కలిసి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద సంస్థగా ఏర్పడినప్పుడు వీరూ అందులో ఒకరు. ఆ సంస్థే 1949లో మురుగప్ప వారితో కలిసి అంబత్తూరులో సైకిళ్ళ కర్మాగారం పెట్టింది. 1955లో ఆవడిలో ట్యూబ్ ప్రాడక్ట్స్ వచ్చింది, అదీ ఓల్డ్‌బరీ సాంకేతిక సహాయంతోనే. అంటే మా పెదనాన్న కొట్టులో తూకం వేసే గొట్టాలూ, దొరల చేతిలోని గోల్ఫు కాడలూ ఒకే ఇంటి దాయాదులన్నమాట. ఆయనకు ఈ సంగతి తెలియదు. తెలిసి ఉంటే అంగడివాడి దగ్గర ఇంకో రెండు రూపాయలు తగ్గించి ఉండేవాడు.

గొట్టాన్ని ఎలా సన్నం చేస్తారో సౌకార్‌పేట కంసాలిని అడిగినా చెబుతాడు. అతను బంగారు తీగను కమ్మచ్చులోని పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి ఒకటొకటిగా లాగుతాడు. ఉక్కు గొట్టాన్ని కూడా అలాగే అచ్చుల్లోంచి చల్లగా లాగుతారు. పిడి దగ్గర లావుగా మొదలై తల దగ్గరికి వచ్చేసరికి సన్నబడాలి గనుక, మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. ఈనాటి చాలా ఉక్కు కాడల మీద మీ వేలితో తడిమితే ఆ మెట్లు తగులుతాయి. ఆ మెట్టు ఎక్కడ పడింది, గోడ ఎంత మందం అనేదాన్ని బట్టి కాడ ఎక్కడ వంగుతుందో నిర్ణయమవుతుంది.

ఉక్కు అనే మాట మనది కూడానని మీకు తెలుసు. పాశ్చాత్యులు దాన్ని వూట్జ్ అన్నారు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు ముద్దలు కొనడానికి పర్షియాలోని ఇస్ఫహాను నుంచి వర్తకులు వచ్చి మకాం వేసేవారు. 1820 ప్రాంతాల్లో అక్కడికి వెళ్ళిన హెన్రీ వాయ్సీ అనే వైద్యుడు ఆ కొలుముల పని చూసి రాసిపెట్టాడు. లండనులో జార్జి పియర్సన్ 1795లోనే ఈ ఉక్కును పరీక్షించి రాజసభకు నివేదించాడు. తరువాత మైకేల్ ఫారడే దీని రహస్యం పట్టుకోవాలని ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశాడు. రహస్యం దొరకలేదు గాని మిశ్రమ ఉక్కు అనే శాస్త్రానికి దారి దొరికింది. మద్రాసు ప్రభుత్వంలో ఉద్యోగి అయిన జోషయ్యా హీత్ 1830లో పరంగిపేటలో ఇనుప కర్మాగారం పెట్టాడు, 1839లో ఉక్కులో మాంగనీసు కలిపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. షెఫీల్డు దాన్ని వాడుకుని బాగుపడింది, హీత్ కోర్టుల చుట్టూ తిరిగి చితికిపోయాడు. ఇటు కోనసముద్రం కొలుములు చల్లారిపోయాయి. నేటి గోల్ఫు కాడల్లో మాంగనీసు, క్రోమియం, వనాడియం వంటివి కలిసిన ఉక్కు చూసినప్పుడల్లా నాకు ఈ రెండు ఊళ్ళూ గుర్తుకొస్తాయి.

సరే, కర్ర మాటకు వద్దాం. ఎనిమిది రూపాయలకు బేరం కుదిరింది. ఇంకో అంగట్లో క్రోమియం పూత ఉన్న మెట్ల కాడ కర్ర ఒకటి ఐదు రూపాయలకు దొరికింది, తల మీద గీతలు పడి ఉందని. రెండూ ఒకే నంబరువి, ఐదు నంబరు ఐరన్‌లు. ఏది ఆ కుర్రవాడికి? వాడు గోధుమరంగుదే కావాలన్నాడు. చూడముచ్చటగా ఉంది మరి.

పెదనాన్న రెండింటినీ కొట్టుకు తీసుకువెళ్ళాడు. పిడి దగ్గర వైసులో బిగించి, తల దగ్గర దారం కట్టి రెండు కిలోల తూకం రాయి వేలాడదీశాడు. కాడ ఎంత కిందికి దిగిందో గోడ మీద సుద్దతో గీశాడు. రెండోదాన్నీ అలాగే చేశాడు. గోధుమరంగు కర్ర బాగా తక్కువ వంగింది. రెండు గీతల మధ్య ఒకటిన్నర అంగుళం తేడా. తరువాత పిడి కింద వేలు పెట్టి చూసి, "దీన్ని పైన కోశారు" అన్నాడు. పొట్టివాడెవడో తనకు సరిపోవాలని పిడి వైపు రెండంగుళాలు తెగ్గోయించి ఉంటాడు. కోసిన గొట్టం గట్టిపడుతుంది. పొట్టి గొట్టం తక్కువ వంగుతుందని పైపులమ్మే మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పెద్దల కర్రను కోసి పిల్లల చేతికివ్వడం మన దేశంలో చాలా మైదానాల్లో ఉన్న అలవాటు. మంచి మనసుతోనే ఇస్తారు. కాని బక్కపలచని పిల్లవాడికి గట్టి కాడ, బరువు తల! వాడు ఎంత ఊపినా కాడ వంగదు, బంతి లేవదు, తప్పు తనదే అనుకుంటాడు. ఇలాంటి కర్రలతో మొదలుపెట్టి కూడా పైకి వచ్చినవాళ్ళున్నారు. ఢిల్లీ అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ వృత్తి ఆటగాడు. బెంగళూరులో సంచులు మోసిన మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. ఎందరు మొదట్లోనే ఆగిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

పెదనాన్న చేసిన పరీక్షనే కర్మాగారాలు బల్ల మీద చేస్తాయని నాకు ఎన్నో ఏళ్ళ తరువాత తెలిసింది. ఇప్పుడు మరో పద్ధతి కూడా ఉంది. పిడి బిగించి, చివర మీటి, నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో యంత్రం లెక్కపెడుతుంది. ఐదు నంబరు ఐరన్‌కు అది 300 ప్రాంతంలో ఉంటుంది. వీణ తీగ బిగువు చూసినట్టే.

మీరు ఇప్పుడు కాడ కొనబోతే దాని మీద ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అనే అక్షరాలు కనిపిస్తాయి. మెత్తదనం నుంచి గట్టిదనానికి అదే వరుస. కాని ఆ అక్షరానికి అన్ని కంపెనీలకూ కలిసి ఒక కొలత లేదు. ఒకరి ఆర్ మరొకరి ఎస్ కావచ్చు. చెప్పుల సైజులాంటిదే. అందుకని నన్నడిగితే అక్షరం కన్న ముందు బరువు చూడమంటాను. బరువైన ఉక్కు కాడ 130 గ్రాముల దాకా ఉంటుంది, తేలికది 95 దగ్గర. ఆట చివర చేతులు బరువెక్కేవారికి ఆ 35 గ్రాములు చిన్న తేడా కాదు. వేగంగా ఊపేవారికి గట్టిది, నింపాదిగా ఊపేవారికి మెత్తది అన్నది మొదటి సూత్రం. కాని ఒకే వేగం ఉన్న ఇద్దరిలో ఒకడు పైనుంచి కుదిపి కొడతాడు, ఇంకొకడు నూనె పోసినట్టు కొడతాడు. ఇద్దరికీ ఒకే కాడ నప్పదు. తల లోపలికి దూరే కొన కూడా రెండు కొలతల్లో వస్తుంది, అంగుళంలో వెయ్యో వంతుల్లో 355 ఒకటి, 370 ఒకటి. అది చూసుకోకుండా కొంటే ఇంటికి తెచ్చాక తలకు పట్టదు.

సముద్రపు గాలి ఊళ్ళో పాత కాడ కొనేవారు మరో పని చేయాలి. పిడి చివర చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి తేమ లోపలికి పోతుంది. పైన క్రోమియం మెరుస్తూనే ఉంటుంది, లోపల తుప్పు తింటూ ఉంటుంది. కర్రను తలకిందులు చేసి చెవి దగ్గర ఆడించండి. ఇసుక రాలిన చప్పుడైతే కొనకండి.

ఆ సాయంత్రం కుర్రవాడు గీతలు పడ్డ మెట్ల కర్రే తీసుకున్నాడు. మనసు పూర్తిగా ఒప్పుకోలేదనుకుంటాను, పోతూ పోతూ రెండోదాని వైపు చూశాడు. రెండు వారాల తరువాత కొట్టు దగ్గరికి వచ్చి, "బంతి లేస్తోంది అయ్యా" అని ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. ఆట నేర్పే పని వాడికి దొరకలేదు. తరువాత కర్రలకు పిడులు మార్చి, కాడలు బిగించే పనిలో కుదిరాడని విన్నాను.

గోధుమరంగు కర్ర మా ఇంట్లోనే ఉండిపోయింది. అటక మీది బుట్టలు దించడానికి అమ్మ వాడేది. 1980లలో ఒకనాడు పండగ సామాను దించుతూ ఉంటే నడిమికి విరిగింది. లోపలి నుంచి గుప్పెడు ఎర్రటి పొడి నేల మీద పడింది. పైన రంగు మాత్రం అచ్చం కొయ్యలాగే ఉంది.