అనెటోడెర్మా: చర్మం పట్టు వదిలేసే అరుదైన జబ్బు

చర్మాన్ని కొంచెం లాగి వదిలితే వెంటనే మళ్లీ మామూలుగా అయిపోతుంది. చర్మం లోపలి పొరలో ఉండే సాగే పోగుల వల్లే ఇది జరుగుతుంది. ఈ పోగులు ముఖ్యంగా ఎలాస్టిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. శరీరంలో అక్కడక్కడా ఇవి నశించిపోయి, చర్మం వదులైపోయే అరుదైన జబ్బు పేరు అనెటోడెర్మా. గ్రీకు భాషలో 'అనెటోస్' అంటే వదులైన, 'డెర్మా' అంటే చర్మం. చర్మవైద్యుడు యాడాసోన్ 1892లో ఈ జబ్బును వర్ణించాడు.

ఎలా కనిపిస్తుంది?

ఛాతీ, వీపు, భుజాలు, చేతుల పైభాగం, తొడల మీద గుండ్రటి మచ్చలు వస్తాయి. చాలావరకు 1 నుంచి 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. కొన్ని లోపలికి నొక్కుకుపోయినట్టు, కొన్ని చిన్న సంచిలా ఉబ్బి ఉంటాయి. పైన చర్మం పలుచగా, సన్నని ముడతలతో ఉంటుంది. వేలితో నొక్కితే గుంటలోకి దిగినట్టు అనిపిస్తుంది. సాధారణంగా నొప్పి, దురద ఉండవు. యువతుల్లో, మధ్యవయసు లోపు స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఎందుకు వస్తుంది?

దీనిలో రెండు రకాలున్నాయి. అంతకుముందు ఏ చర్మవ్యాధీ లేని చోట వచ్చేది మొదటి రకం. మొటిమలు, ఆటలమ్మ వంటివి తగ్గిన చోట, లేదా కుష్ఠు, సిఫిలిస్, లూపస్ వంటి జబ్బుల వల్ల వచ్చేది రెండో రకం. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల్లో కూడా, మానిటర్ వైర్ల కోసం ప్యాచ్‌లు అంటించిన చోట ఇలాంటి మచ్చలు కొన్నిసార్లు కనిపిస్తాయి.

ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, ఒకే పళ్లెంలో తిన్నా, బట్టలు పంచుకున్నా ఇంకొకరికి రాదు. మచ్చ చూసి కుష్ఠు అని భయపడి దాచిపెట్టడం, పెళ్లి సంబంధం వదులుకోవడం సరికాదు. కుష్ఠు మచ్చల్లో సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. అనుమానం ఉంటే డాక్టర్ చూసి తేలుస్తారు. కుష్ఠుకు కూడా ఇప్పుడు పూర్తిగా నయమయ్యే మందులున్నాయి.

రక్తపరీక్ష ఎందుకు?

మొదటి రకం ఉన్న కొందరి రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి. ఇవి రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతాయి. కాలి నరాల్లో గడ్డలు, చిన్న వయసులో పక్షవాతం, మళ్లీ మళ్లీ గర్భం పోవడం వంటివాటికి ఇవి కారణం కావచ్చు. అందుకే మచ్చలున్నవారు, ముఖ్యంగా గర్భస్రావాలు జరిగిన స్త్రీలు, ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. పరీక్ష పాజిటివ్ వస్తే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేస్తారు. రెండుసార్లూ అలాగే వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. గర్భిణులకు అవసరమైతే తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వీటిని సొంతంగా వాడకూడదు.

ఇంకో మాట. ఈ యాంటీబాడీలున్నవారికి గర్భిణుల పరీక్షల్లో చేసే వీడీఆర్‌ఎల్, సిఫిలిస్ లేకపోయినా పాజిటివ్ అని చూపించవచ్చు. ఆ ఒక్క కాగితం చూసి భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించి గొడవలు పడటం తగదు. టీపీహెచ్‌ఏ వంటి పరీక్షతో నిర్ధారించుకోవాలి. నిజంగా సిఫిలిస్ అయితే పెన్సిలిన్‌తో నయమవుతుంది, బిడ్డకూ రక్షణ దొరుకుతుంది.

నిర్ధారణ, చికిత్స

మచ్చ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. మామూలు రంగుతో తేడా తెలియకపోవచ్చు కాబట్టి, సాగే పోగులను చూపించే ప్రత్యేక రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. అక్కడ పోగులు బాగా తగ్గిపోయి, లేదా అసలు లేకుండా ఉంటే జబ్బు ఖాయమవుతుంది.

పోయిన పోగులను తిరిగి తెచ్చే మందు ఇప్పటికి లేదు. క్రీములు, నూనెలు, నాటు లేపనాల మీద డబ్బు పోసినా ఫలితం ఉండదు. బాగా ఇబ్బందిపెట్టే మచ్చలు కొద్దిగానే ఉంటే ఆపరేషన్‌తో తీసేయవచ్చు, కానీ కోత మచ్చ మిగులుతుంది. వెనుక వేరే జబ్బు ఉంటే దానికి వైద్యం చేయించుకోవాలి.

ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.