94వ కీర్తనను వాయించిన యౌవనుడు

మీ బైబిలులో 94వ కీర్తనను తెరచి ప్రక్కన ఉంచుకొనుడి. ఈ మాసము నేను చెప్పబోవు చరిత్ర ఆ కీర్తనతో ముడిపడియున్నది. 23వ కీర్తన మన పిల్లలకు సహితము కంఠస్థము. 121వ కీర్తనను ప్రయాణమునకు ముందు చదువుకొందుము. 94వ కీర్తనను ఎవరు చదువుదురు? పగతీర్చుమని దేవుని పిలుచు కీర్తన అది. సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో నేనును దానిని ప్రసంగపీఠము మీదికి తేక దాటిపోవుచుంటిని. అయితే జర్మనీ దేశములో ఒక యౌవనుడు, తన ఆయువు ఇక ఒక్క సంవత్సరమే మిగిలియున్నప్పుడు, ఆ కీర్తననే ఏరి పట్టుకొనెను.

అతని పేరు యూలియస్ రాయ్‌బ్కె. 1834వ సంవత్సరము మార్చి 23వ తేదీన హార్జ్ పర్వతములకు సమీపముననున్న హౌస్‌నైన్‌డోర్ఫ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి అడాల్ఫ్ రాయ్‌బ్కె ఆర్గనులు కట్టు పనివాడు. ఆర్గను అనగా మీ కన్నులకు హార్మోనియము కనబడవచ్చును. నేను వేదాంత పాఠశాలలో కాలితో తొక్కి వాయించిన పెట్టెయు అట్టిదే. ఆ దేశపు పెద్ద ఆలయములలోని ఆర్గను వేరు. హార్మోనియములో సన్నని లోహపు రేకులు పలుకును. అందులో గొట్టములు పలుకును. మన పిల్లనగ్రోవికి ప్రక్కన రంధ్రములున్నవి గనుక ఒక్క గొట్టములోనే అనేక స్వరములు వచ్చును. ఆర్గను గొట్టమునకు అట్టి రంధ్రములు లేవు. ఒక్కొక్క గొట్టము ఒక్కొక్క స్వరమునే పలుకును. అందుచేత వేలకొలది గొట్టములు కావలెను. కొన్ని తగరముతోను సీసముతోను, కొన్ని కొయ్యతోను చేయుదురు. కొన్ని చిటికెన వ్రేలంత, కొన్ని తాటిచెట్టు మొద్దంత. వాటికి గాలినిచ్చుటకు కమ్మరి కొలిమి తిత్తులవంటివే, మిక్కిలి పెద్దవి, ఉండెను. ఆ కాలమున మనుష్యులే వాటిని తొక్కుచుండిరి. వాయించువాడు చేతులతో వాయించుట చాలక పాదములతోను పెద్ద మెట్లను వాయించును.

అట్టి పని జరుగు ఇంట యూలియస్ జ్యేష్ఠకుమారుడు. తమ్ముడు ఎమిల్ తండ్రి వృత్తిని చేపట్టెను. మరియొక తమ్ముడు ఓటో సంగీతజ్ఞుడాయెను. యూలియస్ మొదట దగ్గరనున్న క్వెడ్లిన్‌బుర్గ్ పట్టణములోను, 1851 నుండి బెర్లిను నగరములోను సంగీతము నేర్చెను. అచ్చట హాన్స్ ఫాన్ బ్యూలో అను విద్వాంసుడు అతని నేర్పును గుర్తించి వైమార్ పట్టణమందున్న ఫ్రాంట్స్ లిస్ట్‌నకు సిఫారసు చేసెను. లిస్ట్ హంగేరీ దేశీయుడు, ఐరోపా అంతట పేరుగాంచిన పియానో విద్వాంసుడు. 1856లో రాయ్‌బ్కె అతని శిష్యుడాయెను.

అప్పటికి అతనికి ఇరువది రెండేండ్లు. ఆ తరువాత ఒక సంవత్సరము లోపుగానే రెండు పెద్ద కృతులను రచించెను: పియానోకు ఒక సొనాట, ఆర్గనుకు ఒక సొనాట. ఇవికాక మరికొన్ని చిన్న రచనలు మాత్రమే మనకు దక్కినవి. వైమారులో అతని నెరిగిన రిఖర్డ్ పోల్ అను రచయిత అతడు పియానో ముందు వంగి కూర్చుండి సొనాటను వాయించు తీరును వర్ణించెను: పాలిపోయిన ముఖము, అస్వాభావికమైన వెలుగుతో మెరయు కన్నులు, బరువైన ఊపిరి, వాయించి ముగించిన తరువాత నోట మాటరాని అలసట. చూచినవారికి, ఇతడు మనతో ఎక్కువకాలము ఉండడని తోచెనట. మన ఊళ్లలో క్షయరోగిని చూచిన పెద్దలకు ఆ వర్ణన చదువగానే సంగతి తెలియును. ఆ రోగమునకు కారణమైన క్రిమిని రాబర్ట్ కోఖ్ లోకమునకు వెల్లడించినది 1882లో. 1857లో వైద్యుల చేతిలో మందు లేదు.

ఇక ఆ ఆర్గను సొనాట సంగతి. దాని పేరే 94వ కీర్తన. దానిలో పాట లేదు, పాడువాడు లేడు, ఒక్క మాటయైన లేదు. అయితే ఏ భాగము ఏ వచనములను పలుకునో ఎరుగుటకై అతడు కీర్తనలోని 23 వచనములనుండి తొమ్మిదింటిని ఎన్నుకొనెను. మీ ముందున్న గ్రంథములో చూడుడి. 1, 2 వచనములు. పిమ్మట 3, 6, 7. పిమ్మట 17, 19. కడపట 22, 23. మొదటివి న్యాయము తీర్చ రమ్మని దేవుని వేడుకొనునవి. ఆ పిమ్మటివి దుష్టులు ఇంకెంతకాలము ఉత్సహింతురని అడుగును, విధవరాండ్రను పరదేశులను తండ్రిలేనివారిని చంపుచు, దేవుడు చూడడని ధైర్యపడువారిని చూపును. సంగీతము ఇచ్చట నెమ్మదిగా, చీకటిలో తడవుకొనుచున్నట్లు ఆరంభమై, పిమ్మట ఉగ్రమై ఆలయమంతయు నిండును.

ఇంతలో అది అణగిపోవును. 17, 19 వచనములు వచ్చినవి. దేవుని సహాయము లేకున్న నా ప్రాణము మౌనములో చేరియుండునని ఒకటి, లోపల తలంపులు ముసురుకొన్నప్పుడు ఆయన ఆదరణ నన్ను సంతోషపరచెనని మరియొకటి. ఈ రెంటికి మధ్యనున్న 18వ వచనమును విడిచి రెంటిని ప్రక్కప్రక్కన చేర్చెను. ఈ భాగము మృదువుగా, తక్కువ గొట్టములతో పలుకును. నా తలంపులో కృతియంతటికి ఇదే హృదయము. మౌనము అనెడి ఆ స్థలము ఆ పాలిపోయిన యౌవనునికి కేవలము గ్రంథములోని మాట కాదు.

కడపటి భాగము ఫ్యూగ్ అను పద్ధతిలో నడచును. మన భజనలో నాయకుడు పాడి ఆపిన తరువాత మనము అందుకొందుము. ఫ్యూగులో నాయకుడు ఆపడు. అతడు పాడుచుండగానే రెండవవాడు అదే రాగపంక్తిని మొదటినుండి ఎత్తుకొనును. ఆ ఇద్దరును సాగుచుండగానే మూడవవాడు ఎత్తుకొనును. ఇచ్చట ఎత్తుకొను పంక్తి కొత్తది కాదు. మొదట చీకటిలో వినబడిన పంక్తియే ఇక్కడ వేగము పుంజుకొని తిరిగివచ్చును. విలపించిన స్వరములే ఆశ్రయదుర్గమును గూర్చియు పలుకుచున్నవి. మరియొక విశేషము. ఇట్టి గొప్ప కృతులు అనేకము దుఃఖస్వరములో మొదలైనను సంతోషస్వరములో ముగియును. ఇది ఆలాగు ముగియదు. కీర్తన తీర్పుతో ముగిసినట్లే ఇదియు మొదటి కఠినస్వరములోనే, ఆర్గను పూర్ణబలముతో ముగియును. వినువారికి తియ్యగా ఉండుటకై అతడు కీర్తనను మార్చలేదు.

1857వ సంవత్సరము జూను 17వ తేదీన మెర్సెబుర్గ్ పట్టణపు పెద్ద ఆలయములో రాయ్‌బ్కె తానే దానిని మొదటిసారి వాయించెను. రెండేండ్లక్రితము, 1855లో, లాడెగాస్ట్ అను శిల్పి అచ్చట కట్టిన ఆర్గనులో 81 స్వరవరుసలును, ఐదు వేలకు మించిన గొట్టములును, చేతులకు నాలుగు మెట్ల వరుసలును ఉండెను. కృతియంతయు వాయించుటకు సుమారు ఇరువదియైదు నిమిషములు పట్టును.

ఆ సంవత్సరాంతమున అతడు డ్రెస్డెనుకు వెళ్లెను. స్వస్థత దొరకలేదు. 1858 జూను 3వ తేదీన, మెర్సెబుర్గులో వాయించి సంవత్సరము నిండక మునుపే, డ్రెస్డెను సమీపమందలి పిల్‌నిట్స్ గ్రామమున కన్నుమూసెను. వయస్సు ఇరువది నాలుగేండ్లు. లిస్ట్ ఆ తండ్రికి పరామర్శ లేఖ వ్రాసెను.

తండ్రి అప్పుడు మాగ్డెబుర్గ్ నగరపు పెద్ద ఆలయమునకు ఆర్గను కట్టు పనిలోనుండెను. అది అతని పనులన్నిటిలో పెద్దది. కుమారుని మరణము తరువాత, గొట్టము తరువాత గొట్టము పలికించుచు 1861లో దానిని పూర్తిచేసెను. దానిని వాయింపవలసిన జ్యేష్ఠకుమారుడు లేడు. 1871లో తమ్ముడు ఓటో అన్న వ్రాతప్రతిని పరిష్కరించి కీర్తన సొనాటను అచ్చువేయించెను. తండ్రి 1875 వరకు జీవించెను గనుక ముద్రితమైన ఆ పుస్తకము వెలువడిన దినము అతడు బ్రదికియుండెను.

మాగ్డెబుర్గులో తండ్రి కట్టిన ఆ మహా ఆర్గను ఇప్పుడు లేదు. 1906లో దాని స్థానమున మరియొకటి కట్టిరి. ఆ రెండవదియు 1945లో యుద్ధమున నశించెను. మెర్సెబుర్గు ఆర్గను మాత్రము బాగుచేయబడి నేటికిని పలుకుచున్నది. ఆ సొనాటను అనేక దేశములలో ఆర్గను వాద్యకారులు వాయించుచున్నారు. మీ ఇంట పిల్లల చేతిలో ఫోను ఉన్నయెడల వెదకి వినిపించుమని అడుగుడి. మొదట కొంతసేపు చాల మెల్లగా ఉండును. ఫోను పాడైనదని అనుకొనవద్దు. తెరచిన కీర్తనలో 17వ వచనము మీద వ్రేలు ఉంచి, ఆ మెత్తని భాగము వచ్చువరకు ఓపికపట్టుడి.