నక్కవాగు కేసు నడిచిన దారి

తాండాలో తగవు వస్తే మన తాతలు ఠాణా మెట్లు ఎక్కేవారు కాదు. నాయక్ ఇంటి ముందు నసాబ్ కూర్చునేది. కార్‌భారి రెండు వైపులా కబురు పెట్టేవాడు. ఇద్దరి మాటా విన్నాక తీర్పు అక్కడికక్కడే చెప్పేవారు. రాతకోతలుండవు, వాయిదాలుండవు. అందులో మంచీ ఉంది, ఆడవాళ్ల మాట అంతగా చెల్లని చెడూ ఉంది. కానీ వాగులోకి విషపు నీళ్లు వదిలిన ఫ్యాక్టరీని ఏ నాయక్ పిలిపించగలడు? మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి కోర్టు అంటే ఏమిటో గట్టిగా తెలిసివచ్చింది ఆ వాగు దగ్గరే.

రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది 1960లలో. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి వరుసగా పారిశ్రామికవాడలయ్యాయి. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు ఎక్కువ. కరువు ప్రాంతానికి పని దొరికిందని అందరూ సంతోషించారు. నారాయణఖేడ్ వైపు తాండాల నుంచి మనవాళ్లూ మూటాముల్లె కట్టుకుని వచ్చారు. ఫ్యాక్టరీల మురుగు మాత్రం నక్కవాగులో పడి, పొలాల పక్కనుంచి పారి, మంజీరలో కలిసేది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట, ఆరుట్ల, చిద్రుప్ప, బైతోల్ వంటి ఊళ్లలో బావినీళ్ల రంగు మారింది, పైర్లు మాడాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు గారు రోగుల బాధలు చూసి ఊళ్లవాళ్లతో కలిసి పోరాటానికి దిగారు.

1990లో ఈ గోడు రిట్ పిటిషన్‌గా సుప్రీంకోర్టుకు చేరింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మామూలు కేసు కింది నుంచి పైకి పోతుంది: ముందు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు (పెద్దలు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టే అంటారు), ఆపైన సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి, హైకోర్టు, చివరికి ఢిల్లీ. జిల్లా జడ్జే నేరాల కేసులు విచారించేటప్పుడు సెషన్స్ జడ్జి అవుతాడు. కుర్చీ ఒకటే, పేర్లు రెండు. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు చేయడానికి 30 రోజులు, జిల్లా కోర్టు తీర్పు మీద హైకోర్టుకు పోవడానికి 90 రోజులు గడువు. నక్కవాగు కేసు ఈ నిచ్చెనను తలకిందులు చేసింది. ప్రాథమిక హక్కుకే దెబ్బ తగిలిందన్నప్పుడు రాజ్యాంగం 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకే పోవచ్చు, 226 కింద హైకోర్టుకు పోవచ్చు.

అయితే ఢిల్లీలో కూర్చున్న న్యాయమూర్తికి ఆరుట్ల పొలం ఎలా కనబడుతుంది? అందుకే సుప్రీంకోర్టు సంగారెడ్డిలో ఉండే మెదక్ జిల్లా జడ్జికి విచారణ అప్పగించింది. ఏ ఊళ్లో ఎంత నష్టమో తేల్చి నివేదిక పంపమంది. దాని ఆధారంగానే రైతులకు నష్టపరిహారం, ఊళ్లకు తాగునీరు ఇవ్వాలన్న ఆదేశాలు వచ్చాయి. మన జిల్లా చరిత్రలో ఇది గొప్ప ఘట్టమని మేము నమ్ముతాం.

కానీ మా మనసును తొలిచే మాట ఒకటుంది. పరిహారం ఎకరాల లెక్కన కట్టారు. పాసుబుక్కు, పహాణీ ఉన్నవాడి నష్టం కాగితం మీద కనబడుతుంది. అదే పొలంలో కూలి పోయినవాడి నష్టం, మేత లేక పశువుల్ని అమ్ముకున్నవాడి నష్టం ఏ పహాణీలో ఉంటుంది? కోర్టుకు కళ్లు లేవని కాదు, దాని చూపంతా కాగితం మీదే ఉంటుంది.

తర్వాత కేసు చాలా దూరం నడిచింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని హైదరాబాద్‌లోని హైకోర్టుకు పంపింది. పర్యావరణ కేసుల కోసం 2010 చట్టంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడ్డాక, 2013లో చెన్నై బెంచికి మారింది. తీర్పు 2017లో వచ్చింది. అంటే 27 ఏళ్లు. పిటిషన్ వేసినప్పుడు పాలు తాగే బిడ్డ తీర్పు నాటికి పెళ్లై పిల్లల తండ్రి. ఈలోగా శుద్ధి చేసిన నీళ్లను అంబర్‌పేటకు పంపే గొట్టం వేశారు. మూసీ ఒడ్డువాళ్లు ఏమనుకున్నారో అది వేరే కథ.

ఇప్పుడు మన సంగతి. మెదక్, ఆదిలాబాద్ అనగానే గిరిజనులంటే ఒకటే చట్టం అనుకుంటారు కొందరు. సంగారెడ్డి జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఏజెన్సీలో భూమిని కాపాడే 1959 నాటి 1వ నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1970 సవరణ మన తాండాలకు వర్తించవు. మన భూమి తగవు మామూలు సివిల్ కోర్టుకో రెవెన్యూ అధికారుల దగ్గరికో పోవాల్సిందే. కులం పేరుతో దాడి జరిగితే మాత్రం 1989 అత్యాచారాల నిరోధక చట్టం మనకూ ఉంది. ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి, ప్రత్యేక కోర్టు విచారించాలి.

ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే దారి మళ్లీ వేరు. ఈఎస్ఐ కట్టిన కార్మికుడైతే ఈఎస్ఐ సంస్థ నుంచే రావాలి. కట్టనివాడైతే కార్మిక శాఖలోని కమిషనర్ ముందు, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలే. ఇలాంటప్పుడు ఆ రోజు షిఫ్టులో ఎవరున్నారో రుజువు చేయడమే మొదటి చిక్కు. మా తాండా పిల్లవాడు ఒకడు మరో చోట కాంట్రాక్టరు కింద పనిచేస్తూ రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. గేటు పుస్తకంలో పేరు లేదు, జీతం చిట్టీ లేదు. బ్యాంకు పాసుబుక్కులో నెలనెలా కాంట్రాక్టరు వేసిన జమలు ఒక్కటే అక్కరకొచ్చాయి.

లాయరు ఖర్చుకు భయపడి ఆగిపోయేవాళ్లు మనలో ఎక్కువ. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ రాసి, కులం సర్టిఫికెట్ జతచేస్తే చాలు. ఆ పిల్లవాడి అర్జీ మేమే రాశాం. ఇక వాయిదా తేదీ కోసం బస్సెక్కి పోయే పని కూడా లేదు. కోర్టుల్లో నడిచే ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అని పదహారు అక్షరాలు, అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే వచ్చే వాయిదా ఎప్పుడో కనబడుతుంది. మీ తాండాలో ఎవరి కేసైనా నడుస్తుంటే ఆ నంబరు మీ ఫోన్లో కూడా రాసిపెట్టుకోండి.